బల్లెం ఎంత దూరం అందుతుంది?



బల్లెం పట్టినవాడూ బాకు పట్టినవాడూ ఎదురుపడితే ఎవరి దెబ్బ ముందు తగులుతుంది? ఆలోచించకుండానే బల్లెం అంటాం. సరే, బాకువాడు ఎలాగో ఆ మొన తప్పించుకుని రొమ్ముకు రొమ్ము తగిలేంత దగ్గరికి వచ్చేశాడనుకోండి. ఇప్పుడేమంటారు? ఆ ఆరడుగుల కర్రను తిప్పడానికే చోటుండదు. బాకుకు మాత్రం జానెడు చోటు చాలు. ఈ రెండూ నిజాలే. జీవితంలో కత్తి పట్టనివాళ్లకూ తెలిసిన నిజాలే. కానీ వీటిని కాగితం మీద రూల్సుగా రాసి, పాచికలు వేసి, నలుగురు తగువు పడకుండా ఆడుకునేట్టు చెయ్యాలంటే మాత్రం చాలా కష్టం. ఆ కష్టం అమెరికాలో యాభై ఏళ్ల పైబడి నడుస్తోంది. ఈ పూట ఆ కథ చెప్పుకుందాం.

నేను మాట్లాడుతున్నది బల్ల మీద ఆడే ఊహాలోకపు యుద్ధాల గురించి. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అన్న పేరు మీలో కొందరైనా విని ఉంటారు. 2016లో మొదలైన 'స్ట్రేంజర్ థింగ్స్' చూసినవాళ్లకు మొదటి ఎపిసోడ్‌లోనే నలుగురు కుర్రాళ్లు బల్ల చుట్టూ కూర్చుని, పాచిక విసిరి, డెమోగార్గన్ వచ్చిపడిందని హడలిపోవడం గుర్తుండే ఉంటుంది. ఆ ఆటే ఇది. ఒకరు కథ నడిపిస్తారు, ఆయన్ని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. 2023లో వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3' అనే కంప్యూటర్ ఆట ఆడినవాళ్లు కూడా, తెలిసో తెలియకో, ఈ రూల్సునే ఆడారు.

అసలు కథ ఈ ఆట కన్నా కాస్త ముందే మొదలైంది. 1971లో 'చెయిన్‌మెయిల్' అనే పుస్తకం వచ్చింది. పెద్దదేం కాదు. రాసినవాళ్లు గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్. గైగాక్స్ విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో ఉండేవాడు. మధ్యయుగాల యూరప్ సైన్యాలను చిన్న చిన్న బొమ్మలతో బల్ల మీద నడిపించే ఆట అది. ఒక్కో బొమ్మ ఇరవైమంది సైనికులతో సమానం. అయితే అందులోనే ఒక మనిషి మరో మనిషితో తలపడే పోరుకు వేరే అధ్యాయం ఉంది, చివర్లో మంత్రగాళ్లకూ డ్రాగన్లకూ ఒక అనుబంధం ఉంది. ఈ ఇద్దరు మనుషుల పోరులో ఆయుధాలన్నిటికీ వరసగా అంకెలు వేశారు. బాకుకు 1, కత్తికి 4, బల్లేనికి 8, రెండు చేతులతో తిప్పే పెద్ద కత్తికి అంతకన్నా ఎక్కువ. పొట్టి, తేలిక ఆయుధాలు కింద, పొడుగు, బరువు ఆయుధాలు పైన.

ఆ అంకెలతో వాళ్లు చేసిన పని చూడండి. మొదటి రౌండులో దెబ్బ వేసే హక్కు దాడికి వచ్చినవాడిది. అయితే ఎదుటివాడి ఆయుధం రెండంకెలు గాని అంతకన్నా గాని పైదయితే, ముందు దెబ్బ ఎదుటివాడిదే. అంటే బాకుతో బల్లెం మీదికి ఉరికితే మొన నీకు ముందే తగులుతుంది. రెండో రౌండు నుంచి లెక్క తిరగబడుతుంది. ముందు కొట్టినవాడే మళ్లీ ముందు కొడతాడు, కానీ ఎదుటివాడి ఆయుధం రెండంకెలు కిందిదయితే అప్పుడు ముందు దెబ్బ ఆ పొట్టి ఆయుధానిది. ఆ మొదటి పోటుకు చావకుండా నిలబడితే చాలు, ఇక బాకువాడిదే పైచెయ్యి. మనం మొదట చెప్పుకున్న రెండు నిజాలూ రెండు వాక్యాల్లో ఇమిడిపోయాయి. గడులు లేవు, అడుగుల కొలతలు లేవు. పొడుగును వాళ్లు దూరంగా కాక సమయంగా చూశారు. ఎవరి దెబ్బ ఎప్పుడు అన్నదే ప్రశ్న. నా మట్టుకు నేను ఆ తర్వాత వచ్చిన రూల్సు చాలావరకు ఈ రెండు వాక్యాల్ని పోగొట్టుకుని మళ్లీ వెతుక్కోవడమే అంటాను.

ఇది ఆటగాళ్లు పుట్టించిన సంగతి కాదు. క్రీస్తుపూర్వం 168లో పిడ్నా దగ్గర మాసిడోనియా సైన్యం రోమన్లతో తలపడింది. మాసిడోనియా వాళ్ల చేతిలో సరీసా, అంటే పదిహేను, పద్దెనిమిది అడుగుల బల్లెం. వరసలు వరసలుగా నిలబడి ముందుకు చాస్తే ఎదురొచ్చేవాడికి దారే లేదు. నేల చదునుగా ఉన్నంతసేపూ రోమన్లు వెనక్కే నడిచారు. నేల ఎగుడుదిగుడైన చోట ఆ వరసల్లో సందులు పడ్డాయి. రోమన్లు పొట్టి కత్తులతో ఆ సందుల్లోకి దూరారు. లోపలికి వచ్చేశాక ఆ పొడుగు బల్లెం ఎందుకూ కొరగాలేదు. మాసిడోనియా రాజ్యం ఆ దెబ్బతో ముగిసిపోయింది. మరో పదిహేడు వందల ఏళ్లకు పైగా గడిచాక, 1599లో, జార్జ్ సిల్వర్ అనే ఇంగ్లీషు కత్తివీరుడు ఒక పుస్తకమే రాశాడు. ఇటలీ నుంచి వచ్చిన పొడుగాటి రేపియర్ కత్తుల మోజు మీద ఆయనకు ఒళ్లు మంట. కత్తి మరీ పొడుగైతే, ఎదుటివాడి కత్తితో చిక్కుకున్నప్పుడు వెనక్కి అడుగు వెయ్యనిదే విడిపించుకోలేవు, కాబట్టి ప్రతి మనిషికీ తన ఒంటికి తగ్గ సరైన పొడుగొకటి ఉంటుంది అన్నది ఆయన వాదం.

ఇక 1974. గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఇద్దరూ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటి ముద్రణ తెచ్చారు. వెయ్యి పెట్టెలు, ఒక్కో పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. పోరాటానికి చెయిన్‌మెయిల్ పద్ధతి వాడుకోండి, లేదా ఇదిగో, ఇరవై ముఖాల పాచికతో ఇంకో పద్ధతి కూడా ఉంది అన్నారు. జనం ఆ ఇంకో పద్ధతినే పట్టుకున్నారు. ఈనాటికీ అదే నడుస్తోంది. అందులో మాత్రం ఆయుధం పొడుగుకు చోటే లేదు. పైగా ఆ పుస్తకాల ప్రకారం బాకు పోటైనా, రెండు చేతుల కత్తి వేటైనా, దెబ్బ విలువ మామూలు ఆరు ముఖాల పాచిక వేస్తే ఎంత పడితే అంత. ఇదెక్కడి న్యాయం అని ఆటగాళ్లు అడిగి ఉంటారు. 1975లో వచ్చిన 'గ్రేహాక్' అనుబంధంలో బాకుకు నాలుగు ముఖాల పాచిక, కత్తికి ఎనిమిది, పెద్ద కత్తికి పది అని విడదీశారు. అంటే పెద్ద ఆయుధం ఎందుకు పట్టుకోవాలి అన్న ప్రశ్నకు 'దెబ్బ గట్టిగా తగులుతుంది కాబట్టి' అని జవాబిచ్చారు. దూరం, సమయం రెండూ పక్కకు పోయాయి.

గైగాక్స్‌కు మాత్రం పొడుగాటి కర్రకు బిగించిన ఆయుధాలంటే ప్రాణం. కర్ర చివర కొడవలి, కర్ర చివర గొడ్డలి, కొడవలికి వెనకవైపు కొక్కెం, కొక్కేనికి పైన మొన. యూరప్ రైతులూ కూలి సైనికులూ వాడిన ఈ రకాలన్నిటినీ ఆయన పేరు పేరునా వర్ణించి వ్యాసాలు రాశాడు, 1985 నాటి పుస్తకంలో దానికో అనుబంధమే పెట్టాడు. గ్లేవ్, గిజార్మ్, ఆ రెండూ కలిపిన గ్లేవ్-గిజార్మ్, కాకిముక్కులాంటి మొన ఉన్న బెక్ ద కోర్బాన్. ఆటలో వీటిని నిజంగా ఎవరు పట్టుకున్నారో దేవుడికే ఎరుక. కానీ ఆ పట్టికలు చదువుతుంటే మాత్రం అదో రకమైన ఆనందం. మన ఇళ్లల్లో కొందరు పెద్దలు మామిడి రకాలు చెప్పుకుంటూ పోతుంటారు చూడండి, అలాంటిదే.

ఆ మోజంతా 1978, 79ల్లో 'అడ్వాన్స్‌డ్' అని పేరు పెట్టి తెచ్చిన పుస్తకాల్లో కుమ్మరించాడు. ప్రతి ఆయుధానికీ పొడుగెంత, తిప్పడానికి పక్కన చోటెంత కావాలి, వేగం ఎంత అని మూడు అంకెలు. బాకు వేగం 2, మామూలు పొడుగు కత్తిది 5, రెండు చేతుల కత్తిది 10, పైక్ అనే పద్దెనిమిది అడుగుల బల్లేనిది 13. అంకె తక్కువైతే ఆయుధం చురుకు. పరుగున దూసుకొచ్చేటప్పుడు పొడుగు ఆయుధానిదే ముందు దెబ్బ. పోరు బిగిశాక, ఇద్దరి వంతూ పాచికల్లో సమానంగా పడితే, వేగం అంకె తక్కువ ఉన్నవాడిది ముందు దెబ్బ. తేడా అయిదు గాని అంతకన్నా గాని ఎక్కువైతే ఆ చురుకైనవాడికి ఒకటి కాదు, రెండు దెబ్బలు. చూశారా, చెయిన్‌మెయిల్ రెండు వాక్యాలూ మళ్లీ వచ్చాయి. కాకపోతే రెండు పుస్తకాల్లో నాలుగైదు చోట్ల చెదిరిపోయి వచ్చాయి. ఎక్కడేముందో వెతుక్కునేలోపు రాక్షసుడికి ఆకలేసి ఇంటికి పోతాడు. చాలామంది ఆ అంకెల జోలికే పోకుండా ఆడేసుకున్నారు.

అదే 1978లో కాలిఫోర్నియా నుంచి 'రూన్‌క్వెస్ట్' వచ్చింది. దాని రూల్సు రాసినవాళ్లలో ముఖ్యుడు స్టీవ్ పెరిన్. ఈయన 1966లో బర్క్‌లీలో మొదలైన ఒక సంఘంలో తొలినాళ్ల సభ్యుడు. మధ్యయుగాల వేషాలు వేసుకుని, పేము కర్రలతో చేసిన ఆయుధాలతో నిజంగానే కొట్టుకునే సంఘం అది. ఒంటి మీద దెబ్బలు తిన్నవాడు రాసిన రూల్సు ఎలా ఉంటాయో చూడండి. ప్రతి రౌండులో నీ దెబ్బ ఏ క్షణాన పడుతుందో ముందే లెక్కకు వస్తుంది. నీ ఒడ్డూ పొడుగూ, నీ చురుకుదనం, నీ ఆయుధం పొడుగు, మూడూ కూడితే ఒక అంకె. చిన్న అంకె ముందు, పెద్ద అంకె వెనక. పొడుగాటి బల్లేనికి కలిపేది సున్నా, బాకుకు కలిపేది మూడు. అంతే. పొడుగంటే సమయమే అని ఇంత తేటగా చెప్పిన ఆట ఆ రోజుల్లో మరొకటి లేదు. 2002లో జేక్ నార్వుడ్ రాసిన 'ద రిడిల్ ఆఫ్ స్టీల్' ఇంకో అడుగు ముందుకు వేసింది. పొట్టి ఆయుధం వాడికి మొదట పాచికలు తగ్గుతాయి. వాడు ఒక్క దెబ్బ తగిలించి లోపలికి వచ్చాడా, ఆ తగ్గింపు అవతలివాడికి మారుతుంది. అవతలివాడు మళ్లీ దూరం సంపాదించుకునేదాకా అంతే. ఇద్దరి పోరుకు ఇంతకన్నా నిజమైన రూలు నేను చూడలేదు. కానీ ఎనిమిదిమంది గాబ్లిన్ల మీద నలుగురు ఎగబడ్డప్పుడు ఎవరు ఎవరికి లోపల, ఎవరు ఎవరికి బయట అని గుర్తు పెట్టుకోవడం దేవతల తరం కూడా కాదు.

ఈ చిక్కుకు ఇంకో జవాబు గడులు. గడుల మీద ఆడే అలవాటు కొత్తది కాదు. 1977లో స్టీవ్ జాక్సన్ 'మెలే' అనే చిన్న ఆటలో ఆరు మూలల గడుల మీద కత్తివీరులను నడిపించాడు. ఆయనే 1986లో తెచ్చిన 'గర్ప్స్'లో ఒక్కో వంతు ఒక్క సెకను. బల్లెం పట్టు మార్చి రెండు గజాల దూరం నుంచి ఒక గజానికి తెచ్చుకోవాలంటే ఒక వంతు వదులుకోవాలి. కానీ గడి ఈ ఆటలన్నిటికీ గుండెకాయ అయింది 2000లో, డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్‌తో. అప్పటికి ఆట చేతులు మారింది. 1997లో దాన్ని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ కొనేసింది.

రేడియోలో గడులు చూపించలేను కాబట్టి ఒక మాట. మీ గదిలో నేల మీద పరిచిన నలుచదరపు పలకల్ని తలుచుకోండి. ఒక్కో పలక అయిదడుగులనుకోండి. మీరు ఒక పలక మీద నిలబడ్డారు. చేతిలో కత్తి ఉంటే మీ చుట్టూ ఉన్న ఎనిమిది పలకలూ మీ ఏలుబడిలోవి. ఆ పలకల్లో ఒకదాన్ని ఎవరైనా అజాగ్రత్తగా వదిలి కదిలితే మీకు ఊరికే ఒక దెబ్బ దొరుకుతుంది. దాన్ని అవకాశపు దెబ్బ అందాం. కబడ్డీలో కూతకొచ్చినవాడు వెనక్కి తిరిగే క్షణంలోనే కాలు దొరికిపోతుంది కదా, అచ్చం ఆ క్షణాన్ని వీళ్లు రూలుగా రాశారు. ఇక మీ చేతిలో పొడుగు బల్లెం ఉందనుకోండి. మీ ఏలుబడి పదడుగుల దూరాన ఉన్న పలకల వరసకు జరుగుతుంది. కానీ మీకు ఆనుకుని ఉన్న ఎనిమిది పలకలూ మీ చెయ్యి దాటిపోతాయి. అక్కడ నిలబడ్డవాణ్ని ఆ బల్లెంతో కొట్టలేరు.

నాకీ రూలు చాలా ఇష్టం. ఎందుకంటే ఇది మనిషిని కదిలిస్తుంది. శత్రువు మీ దగ్గరికి రావాలంటే పదడుగుల పలక వదిలి మీ పక్క పలకలోకి అడుగు పెట్టాలి, ఆ అడుగుకు మీ దెబ్బ తినాలి. తిని వచ్చాడా, ఇక మీ బల్లెం పనికిరాదు. మీరు ఒక పలక వెనక్కి జరగాలి. వెనక గోడ ఉంటే అంతే సంగతులు. బల్లెం పట్టినవాడు గోడకు దూరంగా, సందులో కాక మైదానంలో నిలబడాలని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. పిడ్నా దగ్గర జరిగిందే బల్ల మీద మళ్లీ జరుగుతుంది.

అయితే పలకలకు వాటి పేచీలు వాటికున్నాయి. మూలగా నడిస్తే దూరం ఎలా లెక్కించాలి? మొదటి మూల అడుగు అయిదు, రెండోది పది అని పెట్టుకున్నారు. కొలతకు అది దగ్గరగా ఉంటుంది. కానీ ఆ లెక్కన మూలగా రెండు పలకల అవతల ఉన్నవాడు పదిహేను అడుగుల దూరాన ఉన్నట్టు. బల్లెం అందేది పదడుగులు. వాడు మూలగా ఒక్క అడుగు వేస్తే పదిహేను నుంచి నేరుగా అయిదుకు వచ్చేస్తాడు. మధ్యలో పదడుగుల పలక అన్నదే లేదు. దెబ్బ లేకుండా మీ పక్కన ప్రత్యక్షం! 2003లో సవరించిన పుస్తకంలో దీన్ని గమనించి, బల్లేనికి మాత్రం మూల పలకలు కూడా అందుతాయని మినహాయింపు రాశారు. ఇలాంటివి చదివినప్పుడు నాకు నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. ఒక బొమ్మ మూల నుంచి దూరడాన్ని అరికట్టడానికి పెద్దవాళ్లు కూర్చుని ఇంత ఆలోచించారు.

అదే ఎడిషన్‌లో ముళ్ల గొలుసు అని ఒక ఆయుధం ఉంది. అది పదడుగులూ అందుతుంది, పక్కవాణ్నీ కొడుతుంది, పైగా కాలికి చుట్టి పడగొడుతుంది. అవకాశపు దెబ్బలు ఎక్కువ వేసే నైపుణ్యం దానికి తోడైతే ఒక్క మనిషి చుట్టూ ఇరవై నాలుగు పలకల్లో పురుగు కూడా కదలలేదు. చరిత్రలో ఎక్కడా లేని ఆ గొలుసు చాలామంది ఆటగాళ్ల చేతికి ఎక్కింది. పొడుగుకు ఉన్న నష్టం తీసేస్తే ఏమవుతుందో చూపించడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

విచిత్రమేమిటంటే, 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ ఆ నష్టాన్ని దాదాపు అన్ని పొడుగు ఆయుధాలకూ తీసేసింది. గ్లేవ్, హాల్బర్డ్, పైక్ అన్నీ పదడుగులు అందుతాయి, పక్కవాణ్నీ మామూలుగానే కొడతాయి. గుర్రం మీది లాన్స్‌కు మాత్రం దగ్గరివాణ్ని పొడవడం కష్టం అని ఉంచారు. ఆట తేలిక చెయ్యాలన్నది వాళ్ల ఉద్దేశం. అందులో తప్పు లేదు, ఆ తేలికే లక్షలమందిని ఆటలోకి తెచ్చింది. కానీ ఒక తమాషా జరిగింది. ఈ ఎడిషన్‌లో అవకాశపు దెబ్బ ఎప్పుడంటే, శత్రువు నీకు అందే దూరం దాటి బయటికి పోయినప్పుడు. కత్తివాడి పక్క నుంచి ఒక పలక అవతలికి జరిగితే దెబ్బ పడుతుంది. గ్లేవ్ వాడి పక్క నుంచి అదే పలక జరిగితే పడదు, ఎందుకంటే ఇంకా పదడుగుల లోపలే ఉన్నాడు. వాడి చుట్టూ ప్రదక్షిణ చేసినా ఏమీ కాదు. పొడుగు ఆయుధం పట్టినందుకు శత్రువు మీద అదుపు తగ్గింది!

దీనికి మందు ఆటగాళ్లకే దొరికింది. పోల్‌ఆర్మ్ మాస్టర్ అనే నైపుణ్యం నేర్చుకుంటే, శత్రువు నీకు అందే దూరంలోకి అడుగు పెట్టగానే దెబ్బ వెయ్యొచ్చు. సెంటినెల్ అనే ఇంకోటి నేర్చుకుంటే, అలా దెబ్బ తిన్నవాడు ఆ వంతుకు అక్కడే ఆగిపోతాడు. రెండూ కలిపితే కత్తివాడు పదడుగుల దూరంలో మేకు కొట్టినట్టు నిలబడిపోతాడు. వాడి కత్తి అందేది అయిదడుగులే. కాకపోతే ఇలాంటి దెబ్బ రౌండుకు ఒకటే. మొదటివాడు ఆగిపోతాడు, వాడి వెనకవాడు నేరుగా లోపలికి వచ్చేస్తాడు. గొప్ప బల్లెగాడైనా గుంపును ఆపలేడు. రాసినవాళ్లు అనుకున్నారో లేదో గాని, ఇది మాత్రం నిజానికి దగ్గరగా వచ్చింది. 2024లో మళ్లీ సవరించిన పుస్తకంలో పైక్‌కు ఇంకో గుణం ఇచ్చారు. దెబ్బ తగిలితే శత్రువును పదడుగులు వెనక్కి నెట్టొచ్చు. లోపలికి వచ్చినవాణ్ని మళ్లీ మొన ముందుకు పంపించడమన్నమాట. ఇది నాకు నచ్చింది.

నచ్చనిది ఒకటుంది. ఇన్ని సవరణల తర్వాత కూడా మామూలు బల్లేనికి ఈ ఆటలో అందే దూరం అయిదడుగులే. బాకుకూ అంతే. అదేమని ఆటగాళ్లు అడుగుతూనే ఉంటారు, చాలా బల్లల దగ్గర డంజన్ మాస్టర్లు సొంతంగా బల్లేనికి పదడుగులు ఇచ్చేస్తుంటారు. నేనూ ఇచ్చి చూశాను. వెంటనే అందరూ ఒక చేత బల్లెం, మరో చేత డాలు పట్టుకుని వచ్చారు. గ్లేవ్‌కు రెండు చేతులు కావాలి, అది పట్టుకుంటే డాలు ఉండదు. బల్లెం డాలుతో సహా పదడుగులు అందుతుంటే గ్లేవ్ ఎవరికి కావాలి? గైగాక్స్ పేర్లు పెట్టి మురిసిపోయిన ఆ కర్రలన్నీ మూలపడ్డాయి. అప్పుడు రూలు మార్చాను. రెండు చేతులా పడితేనే బల్లెం పదడుగులు అందుతుంది, పక్కనే ఉన్నవాణ్ని పొడవాలంటే రెండు పాచికలు వేసి తక్కువ పడినదే తీసుకోవాలి. బల్లెం పట్టినవాళ్లలో సగంమంది గొణుక్కుంటూ కత్తికి మారారు. మిగిలిన సగం ఇప్పుడు గదిలోకి అడుగు పెట్టగానే ముందు గోడలు ఎక్కడున్నాయని అడుగుతున్నారు.